ఇథనాల్ నుంచి టైరు రబ్బరు: లీటరు 21 రూపాయలకి దొరికితేనే

నన్ను లెక్క అడిగిన పార్టీ పేరు చెప్పను, ఊరు కూడా చెప్పను. తెలంగాణలో ఒక గ్రెయిన్ డిస్టిలరీ, రోజుకి 2 లక్షల లీటర్ల కెపాసిటీ, మొక్కజొన్న, నూకలు రెండూ నడుపుతారు. E20 (పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలపడం) ఊపులో బ్యాంకు లోన్ తీసుకుని కట్టినదే. ఇప్పుడు సమస్య ఏంటో ఈ ఫీల్డ్‌లో ఉన్నవాళ్లందరికీ తెలుసు. 2025-26 సప్లై ఇయర్‌కి ఆయిల్ కంపెనీల టెండర్‌లో దేశం మొత్తం మీద 1,776 కోట్ల లీటర్లకి ఆఫర్లు వస్తే వాళ్లు అలాట్ చేసింది దాదాపు 1,048 కోట్ల లీటర్లు. మిగతా కెపాసిటీ ఖాళీగా కూర్చుంది, లోన్ మాత్రం కూర్చోదు కదా. అలాంటి టైంలో ఓనర్ గారికి ఎవరో ఒక ప్రెజెంటేషన్ చూపించారు, ఇథనాల్ నుంచి గ్రీన్ బ్యూటాడైన్, దాంతో టైర్లకి గ్రీన్ రబ్బరు, పక్కనే ఫ్యాక్టరీ పెట్టేయొచ్చు అని. చిన్నపండూరులో అపోలో ఉంది, సదాశివపేటలో ఎమ్మారెఫ్ ఉంది, అచ్యుతాపురంలో యోకోహామా ఉంది, "మార్కెట్ మన గుమ్మంలోనే ఉంది కదా సార్" అన్నారు ఆయన. పూర్తి లెక్క వేసి ఇమ్మన్నారు. ఇచ్చాను. ఆ లెక్కే ఇది, గుర్తుపట్టే వివరాలు తీసేసి.

ముందు సరుకు గురించి. టైర్లలో ఎక్కువగా వాడే సింథటిక్ రబ్బరు ఎస్‌బీఆర్ (స్టైరీన్-బ్యూటాడైన్ రబ్బరు). మామూలు గ్రేడ్‌లో 23.5 శాతం స్టైరీన్, మిగతా 76.5 శాతం బ్యూటాడైన్. అంటే ఈ రబ్బరుని బయో చెయ్యడం (పెట్రోలియం నుంచి కాకుండా పంట నుంచి చెయ్యడం) అంటే ముఖ్యంగా బ్యూటాడైన్‌ని బయో చెయ్యడమే. ఇథనాల్ నుంచి బ్యూటాడైన్ చెయ్యడం కొత్త కెమిస్ట్రీ ఏమీ కాదు, రష్యాలో లెబెదెవ్ ఒకే స్టెప్‌లో చేశాడు, 1932లో యారోస్లావ్‌లో ఫ్యాక్టరీ కూడా నడిచింది. అమెరికా వాళ్లు రెండు స్టెప్పుల్లో చేశారు, ముందు ఇథనాల్‌ని ఎసిటాల్డిహైడ్ చేసి దాన్ని మళ్లీ ఇథనాల్‌తో కలిపి. 1942లో జపాన్ మలయాని పట్టేసుకున్నాక వాళ్లకి చెట్టు రబ్బరు ఆగిపోయింది, అప్పుడు ధర ఎంత అని అడిగే పరిస్థితి లేదు, 1944లో అక్కడ తయారైన బ్యూటాడైన్‌లో సగానికి పైన ఆల్కహాల్ నుంచే వచ్చింది. యుద్ధం అయ్యాక ఆ ప్లాంట్లు మూశారు, కొరియా యుద్ధం వస్తే మళ్లీ తెరిచారు, అది అయ్యాక మళ్లీ మూశారు. కెమిస్ట్రీ ప్రతిసారీ పని చేసింది, ధర దగ్గరే ప్రతిసారీ ఆగింది.

ఎందుకు ఆగుతుందో తూకం చూస్తే అర్థమవుతుంది. రెండు ఇథనాల్ అణువులు కలిసి ఒక బ్యూటాడైన్, రెండు నీళ్లు, ఒక హైడ్రోజన్ ఇస్తాయి. బరువులో చూస్తే 92 పోస్తే 54 వస్తుంది, 36 నీళ్ల కింద పోతుంది, మిగతా 2 హైడ్రోజన్. అంటే మనం డబ్బు పెట్టి కొన్న ఇథనాల్‌లో 39 శాతం బరువు డ్రెయిన్‌లోకి. ఇది క్యాటలిస్ట్ (రియాక్షన్ నడిపించే పదార్థం) తప్పు కాదు, ఎంత గొప్ప క్యాటలిస్ట్ పెట్టినా ఇంతే. దానికి ముందు ఫెర్మెంటేషన్‌లోనే గ్లూకోజ్ బరువులో దాదాపు సగం కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలోకి పోయింది, 180 గ్రాముల గ్లూకోజ్‌కి 92 గ్రాముల ఇథనాల్, 88 గ్రాముల గ్యాస్. రెండూ కలిపితే 100 కిలోల గ్లూకోజ్ నుంచి కాగితం మీద 30 కిలోల బ్యూటాడైన్, నిజంగా ప్లాంట్‌లో 70 శాతం ఈల్డ్ వేసుకుంటే 21 కిలోలు. నేను ఈ 70 శాతమే తీసుకున్నాను. దాని ప్రకారం టన్ను బ్యూటాడైన్‌కి 2.43 టన్నుల ఇథనాల్, లీటర్లలో చెప్పాలంటే సుమారు 3,084 లీటర్లు కావాలి. టన్ను మొక్కజొన్నకి 380 లీటర్లు వేసుకుంటే 8.1 టన్నుల మొక్కజొన్న.

ఇప్పుడు ఎదురుగా ఉన్న సరుకు ధర. ఇక్కడే చాలామంది కాలు జారేది, పెట్రో బ్యూటాడైన్ తయారీ ఖర్చు ఎంత అని అడుగుతారు, ఆ ప్రశ్నకి సరైన జవాబు లేదు. నాఫ్తా క్రాకర్ (నాఫ్తా అనే పెట్రోలియం ద్రవాన్ని వేడితో విరగ్గొట్టే ప్లాంట్) వాళ్లు ప్లాస్టిక్ ముడిసరుకులైన ఇథిలీన్, ప్రొపిలీన్ కోసం నడుపుతారు, టన్ను ఇథిలీన్‌కి 150 కిలోల చొప్పున బ్యూటాడైన్ దానంతటదే వస్తుంది. రైస్ మిల్లులో తవుడు లాంటిది అది, తవుడు ధర పడిపోయిందని ఎవడూ మిల్లు ఆపడు. అమ్ముడు పోకపోతే ఎంతకో అంతకి వదిలించుకుంటారు, లేకపోతే హైడ్రోజన్ ఎక్కించి మళ్లీ ఫర్నేస్‌లోకి పంపుతారు. అందుకే దాని ధరకి అడుగు ఉండదు. పైకప్పు కూడా ఉండదు, 2011 నడివేసవిలో ఆసియాలో టన్ను 4 వేల డాలర్ల దాకా ఎగబాకి అదే ఏడాది చివరికల్లా సగం కూడా లేకుండా పడిపోయింది. మామూలు ఏడాదుల్లో వెయ్యి డాలర్లకి అటూ ఇటూ ఆడుతుంటుంది. నేను షీట్‌లో కిలో 90 రూపాయలు పెట్టాను. పైగా మన దేశంలో బ్యూటాడైన్ కొరత లేదు, హల్దియా, పానిపట్, హజీరా, దహేజ్ అన్నీ కలిపితే మిగులే, ఓడల్లో బయటికి కూడా పోతుంది.

సరే, షీట్. ఆయిల్ కంపెనీలు 2024-25లో సి-హెవీ మొలాసిస్ (చక్కెర తీసేశాక చివరికి మిగిలే మడ్డి) ఇథనాల్‌కి ఇచ్చిన రేటు లీటరు 57.97, మొక్కజొన్న ఇథనాల్‌కి 71.86. 3,084 లీటర్లకి మొదటిదైతే 1,78,800 రూపాయలు, రెండోదైతే 2,21,600. ఇది ఒట్టి ముడిసరుకు. దీని మీద స్టీమ్, కరెంటు, క్యాటలిస్ట్, మనుషులు, పెట్టుబడి రికవరీ అన్నీ కలిపి కిలోకి 30 రూపాయలు వేసుకున్నాను (ఇది చాలా ఉదారమైన అంకె, నిజానికి ఈ సైజు ప్లాంట్‌కి ఇంతకంటే ఎక్కువే అవుతుంది). హైడ్రోజన్ అమ్మితే కిలో బ్యూటాడైన్‌కి ఒక 5 రూపాయలు వెనక్కి వస్తాయి అనుకుందాం. తేలింది ఏంటంటే మొలాసిస్ ఇథనాల్‌తో కిలో 204 రూపాయలు, మొక్కజొన్నతో 247. మార్కెట్‌లో 90.

వెనక నుంచి లెక్క వేస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. 90కి అమ్మి నష్టం రాకుండా ఉండాలంటే ఇథనాల్ లీటరు 21 రూపాయలకి దొరకాలి. 21! ఆ రేటుకి ఈ దేశంలో ఎవరూ ఇవ్వరు. ఇంకో మాట, ఈల్డ్ 70 నుంచి 80కి పెంచితే టన్నుకి 386 లీటర్లు మిగులుతాయి, అది 22 వేల రూపాయల పైమాటే, మంచిదే, కానీ ఈల్డ్ నూటికి నూరు అయినా 2,159 లీటర్లు కావాలి, 58 చొప్పున అదే 1,25,000 అవుతుంది. అంటే పర్ఫెక్ట్ క్యాటలిస్ట్ తెచ్చి, ప్లాంట్ ఊరికే కట్టించి ఇచ్చినా ముడిసరుకు ఖర్చే అమ్మకం ధర కంటే ఎక్కువ. "మా దగ్గర కొత్త క్యాటలిస్ట్ ఉంది" అని వచ్చే వాళ్లని ముందు ఈ ఒక్క లైన్ చూడమనండి.

ఓనర్ గారు తెలివైన మనిషి, వెంటనే పట్టుకున్నారు. "సార్, మీరు ఆయిల్ కంపెనీ రేటు వేశారు, నా ప్లాంట్ ఖాళీగా ఉంది కదా, లోన్ ఎలాగూ కట్టాలి, నా చేతి ఖర్చు మాత్రమే వెయ్యండి" అన్నారు. న్యాయమైన పాయింటే, వేశాను. మార్కెట్ పడి ఉన్నప్పుడు మొక్కజొన్న కిలో 20కి కొన్నాం అనుకుంటే లీటరుకి 52.6 రూపాయలు గింజ ఖర్చు, బొగ్గు, ఎంజైములు, మిగతావి ఒక 9, డీడీజీఎస్ (ఇథనాల్ తీశాక మిగిలే గింజ పిప్పి, పశువుల దాణా) అమ్మితే ఒక 12 వెనక్కి, అంటే లీటరు 50 దగ్గర తేలుతుంది. దాంతో బ్యూటాడైన్ కిలో 179. ఆయన డిస్టిలరీ మొత్తం దీనికే నడిపితే ఏడాదికి దాదాపు 21,400 టన్నులు వస్తుంది, కిలోకి 89 రూపాయల లోటు, సంవత్సరానికి 190 కోట్లు. ఖాళీగా పెట్టుకుంటే ఇంతకంటే తక్కువ పోతుంది. 20 రూపాయల మొక్కజొన్న అంటే రైతుకి మద్దతు ధర కూడా రానట్టు, 2025-26కి క్వింటా 2,400 మద్దతు ధర, అంటే రైతు మునిగిన ఏడాది లెక్క వేసుకున్నా మనకి గిట్టలేదు.

ఇక్కడ బరేలీ కథ చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రయోగం మన దేశంలోనే పూర్తి సైజులో జరిగింది, మన ఇంజినీరింగ్ కుర్రాళ్లలో చాలామందికి తెలియదు. కిలాచంద్ గ్రూపు, ఫైర్‌స్టోన్ కలిసి సింథటిక్స్ అండ్ కెమికల్స్ అనే కంపెనీ పెట్టారు, ఉత్తరప్రదేశ్‌లో బరేలీ పక్కన ఫతేగంజ్ పశ్చిమిలో. 1963లో ఉత్పత్తి మొదలైంది, దేశంలో మొదటి సింథటిక్ రబ్బరు ఫ్యాక్టరీ, ఏడాదికి 30,000 టన్నుల కెపాసిటీ, బ్యూటాడైన్ మొత్తం ఆల్కహాల్ నుంచి. అప్పట్లో అక్కడ ఎందుకంటే చుట్టూ చక్కెర మిల్లులు, మొలాసిస్‌కి కొనేవాడు లేడు. మొలాసిస్ ధర, ఆల్కహాల్ ధర రెండూ సర్కారు కంట్రోల్ ఆర్డర్లతో కట్టేసింది, ఎవరికి ఎంత అనేది కూడా ఎక్సైజ్ వాళ్లు చెప్పేవాళ్లు. ఇంపోర్ట్ డ్యూటీలు భారీగా ఉండేవి కాబట్టి బయటి రబ్బరు లోపలికి వచ్చేది కాదు. ఇటు ముడిసరుకు చవగ్గా కట్టేసి ఉంది, అటు అమ్మకం ధరకి గోడ కట్టి ఉంది, మధ్యలో ఫ్యాక్టరీ ముప్పై ఏళ్లు బతికింది.

తర్వాత ఒక్కొక్కటిగా పోయాయి. డెబ్భైల చివర్లో వడోదరలో ప్రభుత్వ పెట్రోకెమికల్ కంపెనీ ఐపీసీఎల్ క్రాకర్ వచ్చి దేశంలోనే పెట్రో బ్యూటాడైన్ మొదలైంది. 1991 తర్వాత డ్యూటీలు తగ్గాయి. 1993 జూన్‌లో మొలాసిస్, ఆల్కహాల్ కంట్రోల్ ఆర్డర్లు ఎత్తేశారు, మొలాసిస్‌కి మార్కెట్ రేటు వచ్చింది, ఆ రేటులో మద్యం వాళ్లతో పోటీ పడాలి. మద్యం తయారుచేసేవాడు ఆల్కహాల్‌కి ఎంతైనా పెడతాడు, ఎందుకంటే సీసా రేటులో ఆల్కహాల్ ఖర్చు చిన్న ముక్క, రబ్బరు వాడికి అదే మొత్తం ఖర్చు. తొంభైల చివరికి గేటు మూతపడింది, కార్మికుల బకాయిల గొడవ ఏళ్ల తరబడి నడిచింది. ఆ ఖాళీ ఫ్యాక్టరీ అడవిలా పెరిగిపోయి ఒక ఆడపులి అందులో కాపురం పెట్టింది, 2021 జూన్‌లో అటవీశాఖ వాళ్లు దాన్ని పట్టుకెళ్లారు.

ఆ కంపెనీ పేరు లాయర్లకి ఇంకో రకంగా తెలుసు. ఇండస్ట్రియల్ ఆల్కహాల్ మీద యూపీ సర్కారు వెండ్ ఫీజు (అమ్మకం హక్కు పేరుతో వసూలు చేసే రుసుము) వేస్తే వీళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు, 1989లో ఏడుగురు జడ్జిల బెంచ్ రాష్ట్రాలకి ఆ అధికారం లేదంది. ముప్పై అయిదేళ్లు అదే చట్టం. 2024 అక్టోబరులో తొమ్మిది మంది బెంచ్ 8-1 మెజారిటీతో దాన్ని తిరగరాసింది, ఇండస్ట్రియల్ ఆల్కహాల్ కూడా రాష్ట్రాల చేతిలోకే వస్తుందని. మా షీట్‌లో దీనికి అంకె పెట్టలేదు కానీ రిస్క్ కాలమ్‌లో పైన పెట్టాను. కిలో సరుకుకి 3 లీటర్లు తాగే ప్రాసెస్‌లో లీటరుకి రూపాయి ఫీజు పడితే కిలోకి 3 రూపాయలు పడ్డట్టే.

అప్పుడు బరేలీ కథలో మద్యం వాడు ఉన్న సీట్లో ఇవాళ పెట్రోలు బంకు కూర్చుంది, అంతే తేడా. డిస్టిలరీకి ఇథనాల్ ధర చెప్పేది పెట్రో కెమికల్ మార్కెట్ కాదు, ఢిల్లీలో క్యాబినెట్, ఆయిల్ కంపెనీల నిర్ణయం. పెట్రోల్లో కలిపే ఇథనాల్‌కి 58 నుంచి 72 దాకా ఇచ్చే కొనుగోలుదారు ఉన్నంత కాలం 21కి అడిగే వాడి దగ్గరికి ఎవరూ రారు. పోనీ ఆ కొనుగోలు ఆగిపోతే? అప్పుడు కూడా 21కి రాదు, ఎందుకంటే గింజ ఖర్చే 50 దాటుతోంది, డిస్టిలరీ మూసుకుంటుంది తప్ప.

సైట్ సంగతి కూడా చెప్తా, ప్రెజెంటేషన్లలో ఇది రాదు. బ్యూటాడైన్ మైనస్ 4.4 డిగ్రీలకే మరుగుతుంది, అంటే మన ఊళ్లో అది గ్యాసే, ప్రెషర్ స్పియర్లలో (ఒత్తిడి తట్టుకునే గుండ్రటి ట్యాంకుల్లో) దాచాలి. గాలి తగిలితే పెరాక్సైడ్లు కడతాయి, మూలల్లో పాప్‌కార్న్ పాలిమర్ పెరిగి పైపులు చీల్చేస్తుంది, ఇన్‌హిబిటర్ (దాన్ని ఆపే రసాయనం) వేస్తూ ఆక్సిజన్ కొలుస్తూ ఉండాలి. క్యాన్సర్ తెచ్చే రసాయనం కూడా. దాన్ని బ్యూటీన్ల (దాంతో పాటే వచ్చే అలాంటి గ్యాసుల) నుంచి వేరు చెయ్యడానికి మామూలు కాలమ్ చాలదు, మరిగే ఉష్ణోగ్రతలు రెండు మూడు డిగ్రీల తేడాలోనే ఉంటాయి, డీఎంఎఫ్ లాంటి సాల్వెంట్ పెట్టి ఎక్స్‌ట్రాక్టివ్ డిస్టిలేషన్ చెయ్యాలి. స్పిరిట్ కాలమ్ నడిపే షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌కి ఇది వేరే లోకం. దిలావర్‌పూర్, చిత్తనూర్‌లలో మామూలు ఇథనాల్ ప్లాంట్లకే జనం ఎంత గొడవ చేశారో చూశాం, అలాంటి చోట స్పియర్లు పెడతామంటే పబ్లిక్ హియరింగ్ ఎలా ఉంటుందో ఊహించుకోండి.

పైగా టైరు ఫ్యాక్టరీలు గుమ్మంలో ఉన్నాయి అన్న మాట సగమే నిజం, టైరు ఫ్యాక్టరీ బ్యూటాడైన్ కొనదు, రబ్బరు బేళ్లు కొంటుంది. బ్యూటాడైన్ కొనేది ఎస్‌బీఆర్ చేసేవాళ్లు, అంటే పానిపట్, హజీరా వైపు. తెలంగాణ నుంచి వందల కిలోమీటర్లు ప్రెషర్ ట్యాంకర్లలో పంపాలి. అలా పంపే బదులు ఇథనాల్‌ని మామూలు ట్యాంకర్లో పంపి అక్కడే మార్చుకోవచ్చు, అప్పుడు మన ఓనర్ గారికి మిగిలేది మళ్లీ ఇథనాల్ అమ్మకమే.

మరి గ్రీన్ ప్రీమియం? దీని మీద కొంచెం ఎక్కువ టైం పెట్టాను, ఎందుకంటే ఆశ ఏదైనా ఉంటే ఇక్కడే ఉంది. కారు టైరులో 2 కిలోల ఎస్‌బీఆర్ ఉందనుకోండి, అందులో 1.53 కిలోల బ్యూటాడైన్, కిలోకి 114 అదనం అంటే టైరుకి 174 రూపాయలు. 5 వేల టైరు మీద మూడున్నర శాతం. కొనేవాడికి పెద్ద బరువు కాదు. కానీ ఆ 174 టైరు షాపు నుంచి వెనక్కి టైరు కంపెనీ, రబ్బరు కంపెనీ దాటి డిస్టిలరీ దాకా రావాలి, మధ్యలో ఒక్కరు కూడా "నేను భరిస్తా" అని సంతకం పెట్టిన కాగితం మాకు కనిపించలేదు. కార్బన్ వైపు నుంచి చూసినా, టన్ను బ్యూటాడైన్‌లో ఉన్న కార్బన్ 3.26 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కి సమానం, దాని మొత్తం క్రెడిట్ మనకే ఇచ్చినా (డిస్టిలరీ బొగ్గు పొగ తీసెయ్యకుండా) టన్ను కార్బన్ డయాక్సైడ్‌కి దాదాపు 35 వేల రూపాయలు పడుతుంది. యూరప్ కార్బన్ మార్కెట్‌లో ధర లెక్క వేసే నాటికి ఏడెనిమిది వేల దగ్గర ఉంది. నాలుగైదు రెట్లు తేడా.

అన్నింటికంటే పెద్ద దెబ్బ మాస్ బ్యాలెన్స్. వాడిన వంటనూనె నుంచి వచ్చే బయో నాఫ్తాని పాత క్రాకర్‌లోనే కొంచెం పోసి, ఐఎస్‌సీసీ ప్లస్ సర్టిఫికెట్‌తో ఆ వాటాని బ్యూటాడైన్‌కి రాసుకుంటారు. కొత్త ప్లాంట్ లేదు, కొత్త స్పియర్ లేదు, సరుకు అణువు మారదు, టైరు కంపెనీ తన రిపోర్టులో బయో శాతం రాసుకుంటుంది. ప్రీమియం ఇచ్చే కొద్దిమంది కొనుగోలుదార్లకి ఇంత తేలిక దారి ఉన్నప్పుడు మన దగ్గరికి ఎందుకు వస్తారు?

ఫ్రాన్స్‌లో మిషెలిన్ వాళ్లు పెట్రోలియం పరిశోధన సంస్థ ఐఎఫ్‌పీఈఎన్, టెక్నాలజీ లైసెన్స్ అమ్మే ఆక్సెన్స్‌లతో కలిసి ఇథనాల్ దారి మీద 2012 నుంచి పని చేస్తున్నారు, బోర్డో పక్కన బసాన్స్‌లో డెమో ప్లాంట్ 2024 జనవరిలో ప్రారంభించారు. కెపాసిటీ ఏడాదికి 20 నుంచి 30 టన్నులు. చేతిలో టైరు బ్రాండ్, లైసెన్స్ అమ్ముకునే ఉద్దేశం, ప్రభుత్వ సాయం అన్నీ ఉన్నవాళ్లే పన్నెండేళ్లకి ఆ సైజు దగ్గర ఉన్నారు. జపాన్‌లో సింథటిక్ రబ్బరు చేసే జియాన్, టైర్ల యోకోహామా కూడా బెంచ్ సైజు యూనిట్ ప్రకటించారు. వాళ్లు పిచ్చివాళ్లు కాదు, క్రాకర్లు ఈథేన్‌కి మారి బ్యూటాడైన్ తగ్గే రోజు కోసం టెక్నాలజీ చేతిలో పెట్టుకుంటున్నారు. అది ఆప్షన్ కొనడం, ఈఎంఐ కట్టాల్సిన డిస్టిలరీ చేసే పని కాదు.

ఓనర్ గారు ఇంకో ప్రశ్న అడిగారు, మరి ఆల్కహాల్ కెమికల్స్ మన దేశంలో బతకలేదా అని. బతికాయి. తణుకులో ఆంధ్రా షుగర్స్ వాళ్లు ఎసిటిక్ యాసిడ్, ఆస్పిరిన్ దాకా వెళ్లారు, గజ్రౌలాలో జూబిలెంట్, కాశీపూర్‌లో ఇండియా గ్లైకాల్స్ ఉన్నాయి. నేను తూకం పట్టికే మళ్లీ చూపించాను. 92 కిలోల ఇథనాల్‌తో ఇథైల్ ఎసిటేట్ చేస్తే 88 కిలోలు వస్తుంది, ఎసిటిక్ యాసిడ్ చేస్తే 120 కిలోలు, గాలిలోంచి ఆక్సిజన్ ఉచితంగా ఎక్కుతుంది. ఇథనాల్‌లో ఉన్న ఆక్సిజన్‌ని ఉంచుకునే సరుకులకి బరువు మిగులుతుంది, రబ్బరుకి ఆక్సిజన్ అక్కర్లేదు కాబట్టి దాన్ని నీళ్ల రూపంలో పారబోస్తాం. అంటే వెంటనే ఇథైల్ ఎసిటేట్ పెట్టెయ్యమని కాదు, అందులో ఇప్పటికే పెద్దవాళ్లు తన్నుకుంటున్నారు, మిథనాల్ దారిలో వచ్చే ఎసిటిక్ యాసిడ్ చవక. కానీ అక్కడ లెక్క పది రూపాయల దగ్గర కొట్లాడుతుంది, వంద రూపాయల దగ్గర కాదు.

నోట్ చివర్లో రాసింది ఇది. బ్యూటాడైన్ వద్దు, పైలట్ కూడా వద్దు. ఎవరైనా టైరు కంపెనీ పదేళ్లకి కిలో 200 తగ్గకుండా, తీసుకున్నా తీసుకోకపోయినా డబ్బు కడతామని కాంట్రాక్టు ఇస్తే ఫైలు మళ్లీ తెరుద్దాం, అప్పుడు కూడా ప్లాంట్ రబ్బరు ఫ్యాక్టరీ కాంపౌండ్‌లోనే ఉండాలి, డిస్టిలరీలో కాదు. ఓనర్ గారు రెండు టైరు కంపెనీల పర్చేజ్ వాళ్లతో మాట్లాడారు, ఇద్దరూ శాంపిల్ ఇస్తే సంతోషం అన్నారు, రేటు మాట ఎత్తలేదు. ప్రస్తుతానికి ఆయన ఫెర్మెంటర్ల పైన పోతున్న కార్బన్ డయాక్సైడ్ పట్టే యూనిట్‌కి కొటేషన్లు తెప్పిస్తున్నారు, ఫుల్‌గా నడిస్తే రోజుకి 150 టన్నుల దాకా వస్తుంది, అందులో ఎంత అమ్ముడు పోతుందో చూడాలి.